వేలంలో కొన్న పాత ఇంగ్లిష్ పటం: పాప, కుక్కపిల్ల. ఎవరు వేసి ఉంటారు?

లలిత_లెస్టర్
అందరికీ నమస్కారం. మాది తెనాలి, పదకొండేళ్లుగా లెస్టర్‌లో ఉంటున్నాం. పోయిన శనివారం ఇక్కడికి దగ్గర్లోని ఒక చిన్న వేలంశాలలో నూనె రంగుల పటం ఒకటి కొన్నాను. మూడు నాలుగేళ్ల పాప, తెల్లగౌను వేసుకుని చెట్ల మధ్య నేల మీద చతికిలబడి ఉంది. కుక్కపిల్ల మెడ చుట్టూ రెండు చేతులూ వేసి గట్టిగా వాటేసుకుని మనవైపే చూస్తోంది. ఎత్తు అడుగున్నర ఉంటుందేమో. వార్నిషు బాగా పసుపెక్కి, చెట్లన్నీ టీ డికాక్షన్‌లో ముంచి తీసినట్టున్నాయి.

కేటలాగులో రాసింది ఒక్క ముక్కే: "ఇంగ్లిష్ స్కూల్, 18వ శతాబ్దం". నా పాట 180 పౌండ్ల దగ్గర నిలిచింది. వాళ్ల కమీషనూ పన్నూ కలుపుకుని 230 దాటింది. మా ఇంట్లో ఇంత డబ్బు పెట్టి పటం కొనడం ఇదే మొదలు. మా పాపకీ నాలుగేళ్లే. పక్కింటి కుక్కను అచ్చం ఇలాగే పట్టుకుంటుంది. అందుకే చెయ్యెత్తాను. ఇది ఎవరు వేశారో, ఈ పాప ఎవరో తెలుసుకోవడానికి దారి ఉంటే చెప్పండి.

శేషు_మాస్టారు_కాకినాడ
అమ్మా లలితా, ముప్పయ్యేళ్లు డ్రాయింగు మాస్టారుగా పనిచేశాను. తెలిసినంత చెబుతాను.

"ఇంగ్లిష్ స్కూల్" అంటే బడి కాదు. ఇంగ్లండులో ఎవరో వేశారు, ఎవరో మాకు తెలియదు అని దాని అర్థం. వేలం వాళ్ల భాషలో ప్రతి మాటకూ ఒక మెట్టు ఉంది. చిత్రకారుడి పూర్తి పేరు ఒక్కటే రాస్తే, ఆయనే వేశాడని వాళ్ల అభిప్రాయం. "ఆపాదించబడినది" అంటే బహుశా ఆయనే. "వలయం" అంటే ఆ కాలంలో ఆయన చుట్టుపక్కల తిరిగిన వాళ్లెవరో. "శైలిలో" అంటే ఎప్పుడో తర్వాత ఎవరో అలా వేశారని. "తర్వాత" అని పేరు ముందు పెడితే తెలిసిన చిత్రానికి నకలు అని.

ముందు వైపు సంగతి తర్వాత చూద్దాం. పటం తిప్పి, వెనక ఫొటోలు పెట్టు. గుడ్డ, లోపలి చెక్క చట్రం, మూలల్లో చెక్క చీలలు, మేకులు, కాగితాలు, ముద్రలు ఏవి ఉన్నా వదలకు. ఏదీ పీకకు, తుడవకు.

వంశీ_డబ్లిన్
అక్కా, పాప అనే ఖాయం చేసుకున్నారా? గౌను ఉంది కదా అని ఆడపిల్ల అనుకోవద్దు. ఆ రోజుల్లో ఇంగ్లండులో మగపిల్లలకూ నాలుగేళ్లు, ఒక్కోసారి ఆరేడేళ్లు వచ్చేదాకా గౌనులే వేసేవారు. మొదటిసారి నిక్కరు తొడిగే రోజు ఇంట్లో చిన్న పండగలా ఉండేది, మన పంచెల ఫంక్షన్ లాగా. ఇంగ్లిష్ చిత్రకారుడు గెయిన్స్‌బరో 1770ల మొదట్లో వేసిన మాస్టర్ జాన్ హీత్‌కోట్ అనే పటం వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. తెల్ల పొడుగు గౌను, నడుముకు పట్టీ, చేతిలో పూలు. పేరు చదవకపోతే ఎవరైనా ఆడపిల్లే అంటారు.

లలిత_లెస్టర్
మాస్టారూ, ఫొటోలు పెట్టాను చూడండి. గుడ్డ వెనక నల్లటి ముద్ర ఒకటుంది. సగం చెరిగిపోయింది కానీ భూతద్దం పెడితే "విన్సర్ అండ్ న్యూటన్, 38 రాత్‌బోన్ ప్లేస్" అని చదవగలిగాను. చట్రం పై పట్టీ మీద పెన్సిలుతో రాసిన అంకెలున్నాయి, అవి అర్థం కాలేదు. నాలుగు మూలల్లోనూ చీలలున్నాయి, ఒకటి వదులుగా కదులుతోంది.

శేషు_మాస్టారు_కాకినాడ
ముద్ర చూడగానే చెయ్యి వణికింది తల్లీ. చదువుకునే రోజుల్లో ఆ కంపెనీ నీటి రంగుల గొట్టం ఒక్కటి కొనడానికి నెలంతా కూడబెట్టేవాళ్లం. వాళ్లు లండన్ రాత్‌బోన్ ప్లేస్‌లో దుకాణం తెరిచింది 1832లో. కాబట్టి ఈ గుడ్డ అంతకు ముందుది కావడానికి వీల్లేదు. పటం 19వ శతాబ్దానిది, అంతకన్నా పాతది కాదు.

పాత పటాలకు వెనక కొత్త గుడ్డ అతికించే అలవాటు ఉంది. ముద్ర ఆ అతుకు గుడ్డ మీద పడి ఉండొచ్చు కదా అనే అనుమానం నాకూ వచ్చింది. కానీ నీ మూడో ఫొటోలో అంచు దగ్గర గుడ్డ ఒక్క పొరే కనిపిస్తోంది. రంగు ఉన్నదీ ముద్ర ఉన్నదీ ఒకే గుడ్డ మీద.

పాప దుస్తులు మాత్రం 1770ల నాటివి. గుడ్డ 1832 తర్వాతిది, గౌను అరవై ఏళ్లు ముందుది. ఎవరో పాత పటం చూసి దించారు.

పద్మజ_బర్మింగ్‌హామ్
లలిత గారూ, ముందు వైపు ఫొటో చూసిన క్షణం నుంచీ ఎక్కడో చూశానని మనసు కొట్టుకుంటూనే ఉంది. ఇప్పుడు మాస్టారి మాట చదివాక వెలిగింది. ఇది మిస్ జేన్ బౌల్స్. ఇంగ్లిష్ చిత్రకారుడు సర్ జాషువా రెనాల్డ్స్ 1775లో వేశారు. అసలుది లండన్‌లోని వాలెస్ కలెక్షన్ అనే మ్యూజియంలో ఉంది, దాదాపు మూడడుగుల ఎత్తు. మీది దానికి సగం సైజు నకలు. పాప కూర్చున్న తీరు, రెండు చేతులూ కుక్క మెడ చుట్టూ తిప్పిన తీరు, వెనక చెట్లు, అన్నీ అవే. అచ్చుపటాలుగా ఇళ్లలోకి బాగా వెళ్లిన చిత్రం ఇది.

ఈ పాప గురించి ఒక కథ ఉంది. 1865లో లెస్లీ, టేలర్ రాసిన రెనాల్డ్స్ జీవితచరిత్రలో వస్తుంది. పాప తండ్రి మొదట రామ్నీ అనే మరో చిత్రకారుడి చేత వేయిద్దామనుకున్నాడట. సర్ జార్జ్ బోమాంట్ అనే స్నేహితుడు రెనాల్డ్స్ దగ్గరికే వెళ్లమన్నాడు. రెనాల్డ్స్ రంగులు వెలిసిపోతాయంటారే అని తండ్రి సందేహం. వెలిసిపోయినా సరే, ఆయన వేసిందే మేలని బోమాంట్. సరే అని రెనాల్డ్స్‌ను ఇంటికి భోజనానికి పిలిచారు. ఆయన్ను పాప పక్కన కూర్చోబెట్టారు. ఆయన కబుర్లు చెబుతూ, అటు చూడు అని పాప చూపు ఎక్కడికో మళ్లించి ఆమె కంచం మాయం చేసేశాడు. తనూ పాపతో కలిసి ఒళ్లంతా కళ్లు చేసుకుని వెతికినట్టు నటించి, ఆమెకు తెలియకుండా మళ్లీ ముందు పెట్టేశాడు. మర్నాడు ఆయన ఇంటికి తీసుకెళ్తామంటే పాప గంతులేసుకుంటూ బయల్దేరింది. కుర్చీలో కూర్చునేసరికి ముఖం నిండా ఆ సంతోషమే. ఆయన దాన్ని పట్టేశాడు.

మీ పటంలో ఆ కళ్లు చూడండి. ఎవరో ఏదో దాచేశారు, ఇప్పుడు బయటికి తీస్తారు అన్నట్టు ఉంటాయి.

లలిత_లెస్టర్
పద్మజ గారూ, మీరు రాసింది రాత్రి మూడుసార్లు చదివాను. నిజం చెప్పాలంటే మొదట కళ్లనీళ్లు తిరిగాయి. నకలు అని తెలిసినందుకు. వేలంశాలకు ఫోన్ చేసి, 18వ శతాబ్దం అని ఎలా రాశారండీ, వెనక ముద్ర చూసుకోలేదా అని అడిగాను. కేటలాగులో ఉన్నది మా అభిప్రాయం మాత్రమే, కొనేముందు మీరు చూసుకోవలసింది అన్నారు. షరతుల కాగితంలో అలాగే ఉంది, నేనే చదవలేదు. డబ్బు తిరిగి రాదు. బాధగానే ఉంది, దాచుకోను.

కానీ కంచం కథ మా పాపకు చెప్పాను. పొద్దున్నే లేచి పటం ముందు నిలబడి "జేన్, నీ ప్లేట్ దొరికిందా?" అని అడిగింది.

ఇంకో మాట. వార్నిషు పసుపు పోవాలంటే బంగాళాదుంప ముక్కతో రుద్దమని ఒక వీడియోలో చూశాను. చేయొచ్చా?

రమణ_విశాఖ
వద్దు వద్దు లలిత గారూ! దయచేసి ఆగండి. మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా తాతగారి నిలువెత్తు నూనె రంగుల పటం హాల్లో ఉండేది. దీపావళికి ఇల్లు దులుపుతూ నేనే, తడిగుడ్డకు కాస్త సబ్బు పెట్టి తుడిచాను. మొదట తళతళలాడింది. సంతోషంతో మెడ దాకా తుడుచుకుంటూ వెళ్లాను. గుడ్డ తీసి చూస్తే దాని మీద గోధుమ రంగు. తాతగారి చెంప మీద నీడ అంతా గుడ్డకు అంటుకుని వచ్చేసింది. ముఖం చదునైపోయింది. మా నాన్నగారు ఏమీ అనలేదు, గదిలోకి వెళ్లిపోయారు. పదహారేళ్లైంది, ఇప్పటికీ ఆ గోడ వైపు చూడలేను.

దుంపలో ఉన్నది నీరూ పిండీ. బీటల్లోకి నీరు దిగితే గుడ్డ ఉబ్బుతుంది, రంగు పెచ్చులుగా లేస్తుంది. మెత్తటి పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి, అంతే.

శేషు_మాస్టారు_కాకినాడ
రమణ గారు చెప్పింది అక్షరాలా నిజం. శుభ్రం చేయించదలిస్తే శిక్షణ పొందిన వాళ్ల చేతే చేయించాలి. ఈలోగా నువ్వు చేయగలిగిన పని ఒకటుంది. చీకటి గదిలో యూవీ టార్చి వేసి చూడు. పాత జిగురు వార్నిషు ఆకుపచ్చగా మెరుస్తుంది. దాని మీద తర్వాత ఎవరైనా రంగు పూసి ఉంటే అక్కడ నల్లటి మచ్చలు కనిపిస్తాయి.

రెనాల్డ్స్ రంగుల సంగతి పద్మజ గారు ఎత్తారు కాబట్టి చెబుతాను. 1768లో లండన్‌లో చిత్రకారుల సంస్థ రాయల్ అకాడమీ పెట్టినప్పుడు ఆయనే మొదటి అధ్యక్షుడు. పేరుకు లోటు లేదు. రంగుల దగ్గర మాత్రం ప్రయోగాలు ఆపలేదు. నూనెలో మైనం కలిపేవాడు, వార్నిషు కలిపేవాడు. బుగ్గల ఎరుపుకు కార్మైన్ వాడేవాడు, అది ఎండకు పారిపోయే రంగు. ఆయన బతికుండగానే కొన్ని ముఖాలు పాలిపోయాయి, కొన్ని పటాల్లో రంగు నెర్రెలు విచ్చింది. వాలెస్ కలెక్షన్ వాళ్లు తమ దగ్గరున్న రెనాల్డ్స్ పటాల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసి, 2015లో ఈ ప్రయోగాల మీదే ప్రదర్శన పెట్టారు.

ఆయన ఇంట్లో ఒక మకా చిలక ఉండేదట. ఆయన శిష్యుడు నార్త్‌కోట్ రాశాడు. చిలకకు ఆ ఇంటి పనిమనిషి అంటే పడదు. నార్త్‌కోట్ ఆమె బొమ్మ వేసి పెడితే, చిలక రెక్కలు విప్పుకుని వచ్చి బొమ్మలో ముఖాన్ని పొడవబోయింది. బొమ్మ అంటే అలా ఉండాలని మా పిల్లలకు చెప్పేవాణ్ని.

కోఠి_ఫణి
చర్చ పక్కకు మళ్లుతుందేమో, అయినా చెప్పకుండా ఉండలేను. పిల్లల పాత ఇంగ్లిష్ పటం అనగానే హైదరాబాదు వాణ్ని నాకు గుర్తొచ్చేది ఒక్కటే. జార్జ్ చిన్నరీ 1805లో మద్రాసులో వేసిన కిర్క్‌పాట్రిక్ పిల్లల పటం. తండ్రి హైదరాబాదు రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, తల్లి ఖైరున్నీసా బేగం. నాలుగేళ్ల బాబు, మూడేళ్ల పాప, ఇద్దరూ హైదరాబాదీ దర్బారు దుస్తుల్లో నిలబడి ఉంటారు. వాళ్లను చదువుకని ఇంగ్లండు ఓడ ఎక్కించే ముందు వేయించిన పటం అది. అదే ఏడాది అక్టోబరులో తండ్రి కలకత్తాలో పోయాడు. తల్లి దగ్గర పటం మిగిలింది, పిల్లలను మళ్లీ చూడలేదు. 1813లో ఆమె పోయింది. నలభై ఏళ్ల తర్వాత ఆ పాప, అప్పటికి కిట్టీ, ఇంగ్లండులో తండ్రి దగ్గర ఒకప్పుడు పనిచేసిన హెన్రీ రస్సెల్ ఇంటికి వెళ్తే గోడ మీద తనూ తన అన్నా కనిపించారు. ఏడ్చేసిందట.

ఆ పటంలో కుక్కా లేదు, పిల్లీ లేదు. రోజూ కోఠి రెసిడెన్సీ ముందు నుంచే ఆఫీసుకు వెళ్తాను. ఆ మెట్లు చూసినప్పుడల్లా ఆ ఇద్దరూ గుర్తొస్తారు.

వరూధిని
ఫణి గారూ, చెప్పి మంచి పని చేశారు.

పిల్లల పక్కన కుక్కనీ పిల్లినీ ఎందుకు వేసేవారు అనేది నాకు చాలా ఇష్టమైన విషయం. ఊరికే ముద్దుగా ఉంటుందని కాదు. ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ 1693లో పిల్లల పెంపకం మీద పుస్తకం రాశాడు. అందులో తనకు తెలిసిన ఒక తల్లి గురించి చెబుతాడు. కూతుళ్లు కుక్కనో ఉడతనో పిట్టనో అడిగితే కాదనకుండా ఇచ్చేదట. కానీ ఇచ్చాక దాన్ని బాగా చూసుకోవాలి, ఆకలికి మాడ్చినా బాధపెట్టినా ఊరుకునేది కాదు. చిన్నప్పుడు మూగజీవిని హింసించిన వాడు పెద్దయ్యాక మనిషినీ హింసిస్తాడని లాక్ నమ్మకం. తర్వాతి వందేళ్లలో ఇంగ్లిష్ తల్లిదండ్రులు ఆ మాటను బాగా పట్టించుకున్నారు. పాప ఒళ్లో కుక్కను వేయిస్తే, మా బిడ్డ మనసు మెత్తనిది అని చెప్పుకున్నట్టు.

దానికి సరిగ్గా ఎదురు నిలబడే పటం హోగార్త్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు 1742లో వేసిన గ్రాహం పిల్లలు, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. తండ్రి రాజుగారి మందులవాడు. నలుగురు పిల్లలు. పెద్ద బాబు చేతిలో పిట్టలకు పాట నేర్పే చిన్న వాద్యపెట్టె తిప్పుతూ, పైన పంజరంలో పిట్ట తన పాటకే ఊగుతోందని మురిసిపోతుంటాడు. కానీ కుర్చీ వీపు మీదికి ఎగబాకిన పిల్లి కళ్లు ఇంత చేసుకుని ఆ పిట్టనే చూస్తోంది. పిట్ట కొట్టుకుంటున్నది భయంతో. ఆ సంగతి బాబుకు తెలియదు. ఎడమ వైపున్న చంటివాడు పటం పూర్తయ్యేలోపే చనిపోయాడు. గడియారం మీద, కాలానికీ చావుకూ గుర్తుగా, కొడవలి పట్టిన బొమ్మ ఉంటుంది. నేను దాని ముందు అరగంట నిలబడ్డాను, బయటికొచ్చాక కూడా ఆ పిల్లి కళ్లే.

ఒక్కటే పటం ఇంటికి తెచ్చుకోమంటే మాత్రం, పద్మజ గారు ఏమనుకోకపోతే, రెనాల్డ్స్ కాదు, గెయిన్స్‌బరో కావాలంటాను. ఆయన కూతుళ్లు మేరీ, మార్గరెట్ పిల్లితో ఉన్నది, 1760 ప్రాంతం. పూర్తి చేయలేదు. అక్కచెల్లెళ్ల ముఖాలు మాత్రమే పూర్తయ్యాయి. పిల్లి ఒట్టి గీతలే, దగ్గరికి వెళ్తే గానీ కనబడదు. తోక లాగుతున్నారని కోపంగా నోరు తెరిచి ఉంటుంది. డబ్బిచ్చిన వాళ్ల కోసం కాదు, ఇంట్లో ఆడుకుంటున్న తన పిల్లలను చూసి వేసుకున్నాడు. మేరీకి 1780లో పెళ్లైంది, కొన్నాళ్లకే విడిపోయారు, తర్వాత మతి చలించింది. మార్గరెట్ పెళ్లి చేసుకోకుండా అక్కను చూసుకుంటూ 1820లో పోయింది. అది తెలిశాక ఆ పటంలో ఒకరినొకరు ఆనుకున్న తీరు చూస్తే గుండె పట్టేస్తుంది.

పద్మజ_బర్మింగ్‌హామ్
వరూధిని గారూ, ఏమీ అనుకోను. కానీ ఒప్పుకోను కూడా. కన్నబిడ్డలను ఆ ప్రేమతో వేయడం సహజం. రెనాల్డ్స్‌కు పిల్లల్లేరు, పెళ్లే చేసుకోలేదు, పైగా చెవుడు, చెవికి బాకా పెట్టుకుని వినేవాడు. అటువంటి మనిషి పరాయి ఇంటి పాపను ఒక్క పూటలో అంత చనువు చేసుకోవడం నాకు పెద్ద విషయం.

సురేష్_నెల్లూరు
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా పెద్దమ్మ వాళ్లింట్లో దొరల కాలం నాటి పటం ఒకటుంది, దొర బిడ్డ, పొట్టి గుర్రం. విదేశాల్లో మంచి ధర వస్తుందంటున్నారు. పంపొచ్చా?

శేషు_మాస్టారు_కాకినాడ
పంపకూడదు బాబూ. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చిత్రం పురావస్తువు. వ్యక్తులు దాన్ని దేశం దాటించడానికి వీల్లేదు. ఇక్కడ వ్యాపారం చేసే వాళ్లకూ లైసెన్సు ఉండాలి. ముందు పురావస్తు శాఖ రిజిస్ట్రేషన్ అధికారిని కలిసి వయసు తేల్చుకోండి. పటాన్ని తడిగోడకు ఆనించి ఉంచితే మాత్రం ఈ రోజే తీసేయండి.

లలిత_లెస్టర్
పోయిన ఆదివారం ముగ్గురం లండన్ వెళ్లొచ్చాం. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ దుకాణాల వెనకే మాంచెస్టర్ స్క్వేర్, అక్కడే వాలెస్ కలెక్షన్. టికెట్టు లేదు. ఒకప్పటి ఇల్లు కదా, మెట్లెక్కుతుంటే చుట్టాలింటికి వచ్చినట్టే ఉంది.

జేన్ దగ్గరికి వెళ్లేసరికి నాకు మాట రాలేదు. మా పటం డికాక్షన్ రంగుకు అలవాటు పడ్డ కళ్లు కదా. ఇందులో గౌను తెలుపు నిజంగా తెలుపు. మా పాపను ఎత్తుకుని చూపించాను. కాసేపు చూసి, "అమ్మా, కుక్కకి ఊపిరాడట్లేదు" అంది.

అప్పుడు చూశాను. నిజమే. జేన్ ఆ కుక్కను ప్రేమ పట్టలేక నలిపేస్తోంది. కుక్క ముఖం పైకి నొక్కుకుపోయింది, అయినా విడిపించుకోవడం లేదు, ఓర్చుకుంటోంది. ఇంటికొచ్చి మా పటం చూస్తే, దించిన వాళ్లు చేతులు కాస్త వదులు చేశారు. కుక్క హాయిగా కూర్చుని ఉంది. వాళ్లకు జాలేసిందో, ఆ పట్టు వేయడం రాలేదో. ఇన్నాళ్లూ నాకు ఆ తేడా తెలియదు. నాలుగేళ్ల పిల్లకు అర నిమిషంలో తెలిసింది.

పద్మజ గారూ, కళ్ల గురించి మీరు చెప్పింది అసలుదాంట్లో ఇంకా ఉంది. వరూధిని గారూ, నేషనల్ గ్యాలరీకి వెళ్లే టైము లేకపోయింది. సెలవుల్లో పిల్లి కోసం తప్పకుండా వెళ్తాం.

శేషు_మాస్టారు_కాకినాడ
చాలా సంతోషం తల్లీ. ఒక పని చెయ్యి. మందపాటి కాగితం మీద ఇది దేనికి నకలు, అసలుది ఎక్కడుంది, నువ్వు ఎప్పుడు ఎంతకు కొన్నావు రాసి, ఒక కవరులో పెట్టి చట్రం వెనక చిన్న దారంతో కట్టు. గుడ్డకు జిగురు తగలనివ్వకు. వదులుగా ఉన్న చీలను సుత్తితో కొట్టకు. ఎండ పడని గోడ చూసుకో, కుంపటికీ హీటరుకూ దూరంగా.

లలిత_లెస్టర్
కాగితం తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాశాను మాస్టారూ. మెట్ల పక్క గోడకు తగిలించాం, అటు ఎండ రాదు. మా పాప ఎత్తుకు సరిపోవాలని కాస్త కిందకే కొట్టించాను మేకు. పక్కింటి కుక్కను ఇప్పుడు ఒక్క చేత్తోనే పట్టుకుంటోంది.